లక్ష్మివారం నాడు ఖాళీ గది

గది మూసేస్తారన్న కబురు నాకు మొదట తెచ్చింది మా వీధిలో పాలు పోసే ముసలమ్మ. గ్రంథాలయం కమిటీకి పెద్దగా ఉన్న బియ్యం సావుకారు గారింట్లో పాలు పోసి, అటునుంచి మా మేడ మెట్లెక్కుతుంది. ఆ ఇంట్లో ముందురోజు ఏం జరిగిందో, ఎవరు ఎవరిమీద కసిరారో నేను అడక్కుండానే నాకు తెలిసిపోతూ ఉంటుంది. ఆ రోజు గిన్నె పట్టుకుని గుమ్మంలోకి వచ్చానో లేదో మొదలుపెట్టింది.

"అమ్మి, నీ గదికి తాళమేసేత్తారంట గదా."

"ఏ గదికి?"

"ఏ గదంటావేటి? నీకెన్ని గదులున్నాయి? ఆ లైబ్రరీలో ఎదిగిన పిల్లలు కూకుంటారే, అది. ఉద్యోగాల పరీచ్చలకి కోసింగు పెడతారంట అందులో. సావుకారు గారు ఫోన్లో అంటంటే నా సెవులతో ఇన్నాను. పైనుంచి ఆపీసరొకడు సూడ్డానికి వస్తాడంట. పిల్లలొస్తన్నారంటే ఉంచుతారు, రాటం నేదంటే తీసెత్తారు."

నేను గిన్నె ముందుకు పట్టాను. ఆవిడ నా మొహం చూసి, కొలత పోశాక మీద ఇంకాస్త ఒంపింది.

"ఇయాల టీ కాదు. పాలే తాగు," అని మెట్లు దిగిపోయింది.

ఆవిడకి నేనేమీ కాను. అయినా నా గది పోతుందేమోనని నాకంటే ముందు బాధపడిన మనిషి ఆవిడే. దేవుడు నాకు చుట్టాలని తక్కువిచ్చినా, మెట్లెక్కి వచ్చే మనుషుల్ని ఇచ్చాడు. అందుకు రోజూ దండం పెట్టుకుంటాను.

ఇంతకీ ఆ గది ఏమిటో చెప్పాలి. మాది ఒడిశాలోని రాయగడ. తాతగారు విజయనగరం పక్కనుంచి వచ్చి ఇక్కడ కిరాణా కొట్టు పెట్టారు. కింద కొట్టు, దాని వెనక మా తమ్ముడి కుటుంబం, పైన మేడ మీద నేను. నేను బడికి వెళ్ళలేదు. చిన్నప్పుడు ఆయాసం ఉండేది. చలికాలం వచ్చిందంటే ఈ కొండల మంచుకి ఊపిరి అందేది కాదు. నాన్నగారు కొట్లో గల్లా పక్కన కూర్చోబెట్టుకుని, బస్తాల మీద అచ్చేసిన అక్షరాలు చూపించి తెలుగు చదవడం నేర్పారు. అమ్మ వ్రతకథలు చదివించేది. ఒత్తు తప్పు పలికితే కథ మళ్ళీ మొదటినుంచి చదవమనేది. వెనక వాటాలో అద్దెకున్న ఒడియా మాస్టారి భార్య ఒడియా నేర్పింది. ఆవిడకి కూతుళ్ళు లేరు. మధ్యాహ్నం పూట పేలాలు ముందు పెట్టి, పలక నా ఒళ్ళో పెట్టి, గుండ్రటి ఆ అక్షరాలు వేలు పట్టుకుని దిద్దించింది. తర్వాత ఇంటినుంచే పరీక్షలు కట్టాను. వీళ్ళలో ఎవరు లేకపోయినా నేను ఒక పేజీ చదవగలిగేదాన్ని కాదు.

మా ఊరి గ్రంథాలయానికి పేపరు చదువుకోవడానికి వెళ్తూ ఉండేదాన్ని. ఈడొచ్చిన ఆడపిల్లల్ని ఇళ్ళవాళ్ళు అక్కడికి పంపించేవారు కాదు. ముందు హాల్లో మగవాళ్ళు బెంచీల మీద కాళ్ళు ముడుచుకుని గంటలకొద్దీ కూర్చునేవారు. ఒకసారి కమిటీవాళ్ళు నన్ను పిలిచి, వెనక పాత పేపర్లు పడేసే గది ఉంది, దాన్ని ఖాళీ చేయిస్తాం, చిన్నపిల్లల పుస్తకాలు దాటినవాళ్ళకి, పెద్దవాళ్ళ మధ్య కూర్చోలేనివాళ్ళకి అది ఇద్దాం, ఒక ఆడమనిషి ఉంటే ఇళ్ళలో ఒప్పుకుంటారు, నువ్వు చూసుకుంటావా అన్నారు. ఆ రాత్రే మా ఊరి అమ్మవారు మజ్జిగౌరమ్మ గుడివైపు తిరిగి దండం పెట్టుకున్నాను. అంతకుముందు నన్ను ఎవరూ ఏ పనికీ పిలవలేదు.

గుమ్మం మీద ఒడియాలో "కిశోర కొణొ" అని బోర్డు పెట్టించారు. ఎదిగే పిల్లల మూల అని అర్థం. మొదట్లో నేను పిల్లల గది అనేదాన్ని. బట్టల కొట్టువాళ్ళ అమ్మాయి ఒకతి నా మీద లేచింది.

"మేమేటి పిల్లలమా పిన్నీ? పిల్లలైతే ఎదురుగా బొమ్మలెట్టండి, ఆడుకుంటాం."

ఆ తర్వాత వట్టి "గది" అనడమే అలవాటైపోయింది.

చిన్న గది. వెనక గోడకి ఒక కిటికీ. కిటికీ అవతల ఒక ములగచెట్టు, దాని వెనక రైలు పట్టాలు. ఫ్యాను తిరగాలంటే కర్రతో ఒకసారి తిప్పి వదలాలి. మధ్యలో పొడుగు బల్ల. సాయంత్రం బడి విడిచాక వచ్చేవారు. ఆడపిల్లలే ఎక్కువ. తెలుగు ఇళ్ళవాళ్ళు, ఒడియా ఇళ్ళవాళ్ళు, హాస్టలు పిల్లలు. తెలుగువాళ్ళు పిన్నీ అనేవారు. తక్కినవాళ్ళు మావుసీ అనేవారు, అదీ పిన్నే. ఒకేసారి రెండు పిలుపులూ వినపడితే ఎటు తిరగాలో తెలిసేది కాదు. నిజం చెప్పాలంటే తెలియకపోవడం బాగుండేది.

ఆ గదికి నేను ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఎవరినీ ఏమీ అడగను. ఏం చదువుతున్నావు, ఎన్ని మార్కులు వచ్చాయి, నిన్న ఎందుకు రాలేదు అని అడగను. ఈ వయసు పిల్లల్ని ఇంట్లో లేచిందగ్గర్నుంచి అందరూ ఏదో ఒకటి అడుగుతూనే ఉంటారు. వాళ్ళే వచ్చి చెబితే వింటాను. కొందరు ఒక్క పేజీ కూడా తిప్పకుండా కిటికీలోంచి చూస్తూ కూర్చుని వెళ్ళిపోయేవారు. అదీ ఆ గది పనే అనుకునేదాన్ని.

శనివారం మాత్రం చదువుడు ఉండేది. ఒకరు ఒడియాలో ఒక పేరా చదివితే, పక్కనున్నవారు దాన్ని తమ ఇంటి మాటలో చెప్పాలి. తెలుగు, దేశియా, కుయి, ఎవరిది వారిది. తెలుగు పిల్లలు తెలుగు మాట్లాడతారు గాని చదవడం రాదు, బడి అంతా ఒడియా. అందుకని చివర్లో నేనొక తెలుగు పేజీ చదివేదాన్ని. నా ఒడియా విని నవ్వుకోవడం వాళ్ళకి వారం వారం ఉండే వేడుక.

"పిన్నీ, నీ ఒడియా మా సారు ఇంటే ఉద్యోగం మానేసి ఎల్పోతాడు," అనేది బట్టల కొట్టు అమ్మాయి.

"పోనీలే. అప్పుడు మీకు సెలవు గదా," అనేదాన్ని.

చీకటి పడకముందే వెళ్ళిపోయేవారు. నేను తాళం వేసి ఇంటికొచ్చి, మేడ మీద దీపం పెట్టుకుని, ఒక్క మనిషికి వండుకునేదాన్ని. కింద తమ్ముడి ఇంట్లో టీవీ మోగుతూ ఉంటుంది, పిల్లలు కొట్లాడుకుంటూ ఉంటారు. వాళ్ళు మంచివాళ్ళు. పండగలకి పిలుస్తారు, జ్వరమొస్తే కషాయం పంపిస్తారు. అయినా రోజు మొత్తంలో నన్ను ఎవరైనా పిలిచేది ఆ గదిలో ఉన్నంతసేపే. అందుకే పాలమ్మ చెప్పిన మాట విని ఊరుకోలేకపోయాను.

ఆ రోజే సావుకారు గారి దుకాణానికి వెళ్ళాను. ఆయన బస్తాల మధ్య పరుపు మీద కూర్చుని, గుప్పెట్లో బియ్యం పోసుకుని ఊదుకుంటూ చూస్తున్నారు.

"రా అమ్మి, కూకో. నీకు ఆ ముసల్ది అప్పుడే సెప్పీసిందన్నమాట. మా ఇంట్లో పాలు ఇరిగినా ఊరంతా తెలుస్తాది."

"గది తీసేస్తారా బాబాయి గారూ?"

"నేను తీసెయ్యమన్నానేటి? కమిటీలో కుర్రోళ్ళు కోసింగు కోసింగు అంటన్నారు. అదీ మంచిదే గదమ్మి, నాలుగు ఉద్యోగాలొస్తాయి. ఆపీసరు వచ్చి సూసి, ఆయనేటి రాస్తే అదే. పిల్లలు నిండుగా ఉండాల. అల్మారాలు నిండుగా ఉండాల. అంతే." బియ్యం మళ్ళీ బస్తాలో పోసి, చేతులు దులుపుకుని, నాకు ఉపకారం చేసిన మనిషిలా నవ్వారు. "ఏ రోజు రమ్మంటారని ఆయన అడిగితే నేనే సెప్పేను. లక్ష్మివారం రమ్మన్నాను. మార్గశిర లక్ష్మివారం! అంతకన్నా మంచి రోజు ఉంటాదేటి? ఇంక అమ్మోరే సూసుకుంటాది."

నా కళ్ళు చెమర్చాయి. చేతులు జోడించాను. ఆ మాట ఆయన మనసుపెట్టి అన్నారు, నేనూ మనసారా నమ్మాను. మా ఇద్దరికీ ఆ క్షణంలో ఇంకేమీ తట్టలేదు.

బుధవారం వచ్చిన పిల్లలందరికీ చెప్పాను. రేపు తప్పకుండా రండి, ఇళ్ళకి పట్టుకెళ్ళిన పుస్తకాలన్నీ తెచ్చి పెట్టండి అన్నాను. మంచి పుస్తకాలు అప్పటికి దాదాపు అన్నీ ఇళ్ళలోనే ఉన్నాయి, అల్మారాలు బోసిగా కనపడుతున్నాయి. "సరే పిన్నీ," అన్నారు. ఎందుకని కూడా అడగలేదు. రానివాళ్ళ కోసం వాళ్ళ అమ్మల ఫోన్లకి సందేశం పెట్టాను. తెల్లారేసరికి జవాబులన్నీ వచ్చాయి. అందరూ దండం పెట్టే చేతుల బొమ్మ పంపించారు. కొందరు పద్మంలో కూర్చున్న లక్ష్మీదేవిని కూడా పంపించారు. ఎంత మంచి మనుషులో అనుకుని ఫోను కళ్ళకద్దుకున్నాను.

ఆ రోజు పొద్దున్నే లేచి మేడ కడిగి ముగ్గు పెట్టాను. రెండో లక్ష్మివారం కాబట్టి అట్లు, తిమ్మనం నైవేద్యం. కథ నేనే చదువుకుని, నేనే విని, అక్షింతలు నా తల మీద నేనే వేసుకున్నాను. ఒక్క మనిషి ఇంట్లో వ్రతం ఎంతసేపు? సూర్యుడు కొండ దాటి పైకి వచ్చేసరికి అయిపోయింది. అట్లు తిని, గిన్నెలు కడుక్కుని, ఇంక రోజంతా గది గురించే ఆలోచిస్తూ ఉన్నాను.

మధ్యాహ్నం దాటాక బయల్దేరాను. దారిలో ఒడియా ఇళ్ళ గుమ్మాల ముందు పిండి ముగ్గులు ఎంత బాగున్నాయో. వరి కంకులు, కలశాలు, వాటి పక్కన చిన్న చిన్న లక్ష్మి పాదాలు. వీధిలోంచి మొదలై, మెట్లెక్కి, లోపలి గదుల్లోకి వెళ్ళిపోయాయి. అన్ని పాదాలూ లోపలివైపే. ఒక్క ఇంటి దగ్గరా బయటికి వచ్చే పాదం లేదు. నిలబడి చూసి, ముచ్చటపడి, ముందుకు నడిచాను. అప్పుడైనా నాకు అర్థం కావలసింది.

గది ఊడ్చాను. బల్ల తుడిచాను. ఫ్యాను అక్కర్లేదు, చలి. బడి విడిచే వేళ అయింది. సైకిళ్ళ గంటలు వినపడ్డాయి, దాటిపోయాయి. గేటు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. ఎవరూ రాలేదు. వెనక్కి వచ్చి కుర్చీలు మళ్ళీ సర్దాను. మళ్ళీ గేటు దగ్గరికి వెళ్ళాను. ముందు హాల్లో పేపరు చదువుకుంటున్న ముసలాయన ఒకాయన, "ఎవరి కోసమమ్మా?" అన్నారు. ఎవరి కోసమని చెప్పను?

అప్పుడు ఒక పిల్ల వచ్చింది. హాస్టల్లో ఉండి పదో తరగతి చదివే కొండ ఊరి పిల్ల. ఇంటి మాట కుయి. ఒడియా మెల్లగా, ఒక్కో మాట ఏరుకుంటున్నట్టు మాట్లాడేది. రోజూ వచ్చేది గాని నాతో ఎప్పుడో గాని మాట్లాడదు. శనివారం చదువుళ్ళకి రాదు. కిటికీ పక్క చోటు ఆ పిల్లది. ఎవరూ ఇవ్వలేదు, ఎవరూ తీసుకోలేదు, అలా అయిపోయింది అంతే. ఆ రోజు కూడా తలుపు దగ్గర చెప్పులు విడిచి, నాకేసి ఒకసారి తల వంచి, కిటికీ దగ్గర కూర్చుని పుస్తకం తెరిచింది. గదిలో ఇంకెవరూ లేరన్న సంగతి తనకి పట్టినట్టు లేదు.

కాసేపటికి సావుకారు గారు ఆ ఆఫీసరు గారిని వెంటబెట్టుకుని వచ్చారు. గుమ్మంలో ఆగిపోయారు. సావుకారు గారి మొహంలో నవ్వు మెల్లిగా ఆరిపోవడం నాకు కనపడింది.

"ఇదేనా గది?" అన్నారు ఆఫీసరు గారు ఒడియాలో.

"ఇదేనండి."

"పుస్తకాలేవి?"

"పిల్లలు ఇళ్ళకి పట్టుకెళ్ళారండి."

"మరి పిల్లలేరీ?"

నేను నోరు తెరిచేలోగా సావుకారు గారు తన బజారు ఒడియాలో, "వాళ్ళు కూడా ఇళ్ళల్లోనే ఉన్నారు సార్," అన్నారు.

ఆఫీసరు గారు నవ్వలేదు. అల్మారా తలుపు తీసి మూశారు. ఎవరు ఏది పట్టుకెళ్ళారో రాసుకున్న పుస్తకం చూపించబోతే చేత్తోనే వద్దన్నారు. "మనుషుల్ని చూద్దామని వచ్చానమ్మా, రాతని కాదు," అన్నారు. కోపంగా అనలేదు. అలసటగా అన్నారు. అప్పుడు ఆయన చూపు కిటికీ దగ్గరికి వెళ్ళింది. ఆ పిల్ల తల ఎత్తలేదు. ఆయన దగ్గరికి వెళ్ళి ఏ తరగతి అని అడిగారు. పదో తరగతి అంది. ఏ ఊరంటే ఊరి పేరు చెప్పింది. ఏం చదువుతున్నావంటే పుస్తకం అట్ట చూపించింది.

"ఇక్కడికి ఎందుకు వస్తావు?"

ఆ పిల్ల కిటికీలోంచి చూసింది. రైలు ఒకటి పట్టాల మీద వెళ్ళింది. అది దాటేదాకా ఆగి, తన మెల్లటి ఒడియాలో చెప్పింది.

"ఇక్కడ నన్ను ఎవరూ ఏమీ అడగరు."

సావుకారు గారు కండువా నోటికి అడ్డం పెట్టుకున్నారు. నాకు భయం వేసింది. ఆఫీసరు గారు మాత్రం అలాగే నిలబడిపోయి, తర్వాత బల్లకి అటు చివర కుర్చీ లాక్కుని, చేతికందిన పుస్తకం ఒకటి తెరిచి కూర్చున్నారు. ఆ పిల్ల చదువుకుంటూనే ఉంది. సావుకారు గారు గుమ్మంలో, నేను అల్మారా పక్కన నిలబడ్డాం. ఎంతసేపు కూర్చున్నారో తెలియదు. లేచి, పుస్తకం తీసిన చోటే పెట్టి, నాకు నమస్కారం చేసి వెళ్ళిపోయారు. ఆయన కూడా కటక్ పక్కన ఎక్కడో ఇల్లూ పిల్లల్నీ వదిలి, ఇక్కడ అద్దెగదిలో ఒక్కరే ఉంటున్నారని తర్వాత విన్నాను. ఆ రోజు ఏ రోజో ఆయనకీ గుర్తు చేసేవాళ్ళు లేరు.

మర్నాడు గది నిండిపోయింది. ఒకళ్ళ మీద ఒకళ్ళు పడుతూ వచ్చి పుస్తకాలు బల్ల మీద కుప్ప పోశారు. అందరికంటే ముందు బట్టల కొట్టు అమ్మాయి.

"ఏటి పిన్నీ నువ్వు! మార్గశిర లక్ష్మివారం నాడు పుస్తకం గుమ్మం దాటించమంటావేటి? మా నాయనమ్మ నన్ను సంపేసును. సరస్వతీ లక్ష్మీ ఇద్దరూ ఒకే బండెక్కి ఎల్పోతారంది."

"పోనీ పుస్తకం లేకుండా నువ్వొక్కదానివీ రావలసింది కదా," అన్నాను.

"నేనెలా వస్తాను? తెల్లారకుండా లేపీసింది. ఇల్లు కడుగు, పిండి రుబ్బు, తలదువ్వుకోకు, పగలు పడుకోకు. అట్లు పోసీ పోసీ నా సెయ్యే పెనమైపోయింది."

పక్కనున్న ఒడియా పిల్ల కూడా అదే చెప్పింది. వాళ్ళ ఇంట్లో ఆ రోజు చీపురుపుల్ల కూడా బయటికి ఇవ్వరట. నైవేద్యం పెట్టినది ఇంట్లోవాళ్ళే తినాలి, గడప అవతలి మనిషికి పెట్టరట. హాస్టలు పిల్లల్ని కూడా ఊళ్ళో ఉన్న బంధువులు పూజ పనికి పిలిపించుకున్నారట.

ఇవన్నీ నాకు తెలియనివి కావు. అమ్మ ఉన్నప్పుడు మా ఇంట్లోనూ లక్ష్మివారం నాడు ఉప్పు కూడా బదులు ఇచ్చేవాళ్ళం కాదు. కాని అడగడానికి ఎవరైనా వస్తే కదా ఇవ్వకూడదన్న సంగతి గుర్తుండేది. నా మేడ మీదికి గిన్నె పట్టుకుని వచ్చేవాళ్ళు లేరు. నేను పొద్దున్నే ముగించేసి ఖాళీగా కూర్చున్నాను గనక, ఊళ్ళో ఇళ్ళన్నీ అప్పుడే ముగించి ఖాళీగా కూర్చుంటాయనుకున్నాను. నిండుగా ఉన్న ఇల్లు ఎలా ఉంటుందో నాకు మరుపొచ్చింది.

సావుకారు గారు ఆ సాయంత్రమే వచ్చి నుదురు కొట్టుకున్నారు.

"మా ఆడది పొద్దున్న ఎదురింటోళ్ళకి పెరుగు తోడు కూడా ఇయ్యనివ్వనేదు అమ్మి. నా కళ్ళెదురుగానే జరిగింది. అయినా నాకు తట్టనేదు. పూజ ఆడోళ్ళది, మంచిరోజు మాటే మాది."

ఆయన ఆఫీసరు గారికి ఫోను చేసి జరిగింది చెప్పారు, మళ్ళీ ఒకసారి రమ్మన్నారు. ఆయన మళ్ళీ రాలేదు. కొన్ని వారాలకి కాగితం వచ్చింది. సోమవారం నుంచి శుక్రవారం దాకా గది కోచింగుకి ఇవ్వాలి. శని, ఆదివారాలు ఎప్పటిలాగే ఎదిగే పిల్లలకి ఉంచాలి, ఆ రెండు రోజులూ వేరే దేనికీ వాడకూడదు. ఖాళీ గదిని చూసి వెళ్ళిన మనిషి అలా రాయాల్సిన పని లేదు. ఆ పిల్ల అన్న మాటకే అలా రాశారని సావుకారు గారూ అన్నారు, నేనూ అలాగే అనుకున్నాను. అమ్మవారి గుడికి వెళ్ళి కొబ్బరికాయ కొట్టాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. పూర్తిగా పోవలసినది కొంతైనా మిగిలింది, దానికి కృతజ్ఞత చూపకపోతే ఎలా?

శనివారం వచ్చింది. అందరూ వచ్చారు. కిటికీ దగ్గర చోటు ఖాళీగా ఉంది. వచ్చే శనివారం వస్తుందేమో అనుకున్నాను. రాలేదు. ఎవరినీ ఏమీ అడగకూడదన్న నా పద్ధతి పక్కన పెట్టి, హాస్టలు పిల్లల్ని అడిగాను. బంధువుల ఇళ్ళు ఊళ్ళో ఉన్నవాళ్ళే శని, ఆదివారాల్లో బయటికి వస్తారట. తక్కినవాళ్ళకి గేటు తియ్యరు. బడి ఉన్న రోజుల్లో బడినుంచి హాస్టలుకి వెళ్ళే దారిలో కాసేపు ఆగడానికి ఒప్పుకుంటారు, అంతే. ఇన్నాళ్ళూ ఆ పిల్ల శనివారం ఎందుకు రాదో నాకు అప్పుడు తెలిసింది.

హాస్టలుకి వెళ్ళాను. చూసుకునే ఆవిడ గునుపూర్ పక్క రైతుల ఇంటి మనిషి. మాట్లాడితే మా అమ్మ మాట విన్నట్టే ఉంది. కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చింది.

"మీరు సెప్పింది మంచి మాటేనండి. కాని ఆ పిల్లకి ఊళ్ళో ఎవురూ నేరు. సెలవు రోజు బయటికి పంపితే, దార్లో ఏటన్నా అయితే నన్నడుగుతారు. ఒక్క పిల్లకి గేటు తీస్తే అందరూ తియ్యమంటారు. ఏటి సెయ్యమంటారు?"

"నేనే వచ్చి తీసుకెళ్ళి, నేనే దింపుతానమ్మా."

"మీరెవురని రాసుకోమంటారు? ఆ పిల్లకి మీరేటౌతారు?"

మంచినీళ్ళ గ్లాసు కింద పెట్టాను. ఆవిడ తప్పు లేదు. నాకు మల్లే ఆవిడా ఇతరుల పిల్లల్ని కాచుకుంటున్న మనిషి. పుస్తకాలు తెస్తే లోపలికి ఇస్తానంది, మాట నిలబెట్టుకుంది కూడా. రెండు వారాలకోసారి పట్టుకెళ్ళేదాన్ని. మొదటిసారి ఆ పిల్లని గేటు దగ్గరికి పిలిపించింది. పుస్తకాలు తీసుకుని, ఎప్పటిలాగే తల వంచింది. లోపల ఆవరణలో పిల్లలు అరుచుకుంటూ ఆడుకుంటున్నారు, మైకులో ఏదో పాట. ఆ పిల్ల ఒక్కటే మాట అడిగింది.

"కిటికీ దగ్గర ఇప్పుడు ఎవరు కూర్చుంటున్నారు మావుసీ?"

"ఎవరూ లేరు."

సరేనన్నట్టు తల ఊపి లోపలికి వెళ్ళింది. ఇంటికి నడుస్తుంటే అనిపించింది, నేను ఆ గేటు దగ్గరికి ఎన్ని పుస్తకాలు మోసినా ఆ పిల్లకి కావలసింది తీసుకెళ్ళలేనని. పుస్తకం చేతికిస్తే సరిపోతుంది. గదిని ఎలా పట్టుకెళ్తాను?

పదో తరగతి పరీక్షలయ్యాక హాస్టలు ఖాళీ అయింది. ఆ పిల్ల తన ఊరు వెళ్ళిపోయిందని, వాళ్ళ నాన్న వచ్చి తీసుకెళ్ళాడని ఆవిడ చెప్పింది. ఇచ్చిన పుస్తకాలన్నీ తీసి ఉంచింది, ఒక్క పేజీ మడత లేదు. ఊరు బస్సు దిగి ఇంకా కొండెక్కి నడవాలట. ఫోను లేదు. మళ్ళీ ఏ కాలేజీలో చేరిందో, చేరిందో లేదో కూడా ఆవిడకి తెలియదు.

ఇప్పుడు సోమవారం నుంచి శుక్రవారం దాకా నేను ముందు హాల్లో ఒక పక్కన కూర్చుంటాను. గోడ అవతల మాస్టారు లెక్కలు గట్టిగా చెబుతూ ఉంటారు. ఎవరూ పిన్నీ అనరు, మావుసీ అనరు. శనివారం కోసం ఎదురు చూస్తాను. శనివారాలు బాగుంటాయి, నవ్వులూ గోలా. ఈ మధ్య బట్టల కొట్టు అమ్మాయి కిటికీ దగ్గర కూర్చుంటోంది. కూర్చోవద్దని నేను అనలేదు. ఆ చోటు కూర్చోవడానికే కదా.

కాని ఆ శని, ఆదివారాలు ఎవరివల్ల మిగిలాయో గదిలో ఉన్నవాళ్ళెవరికీ తెలియదు. ఆ రోజు వాళ్ళెవరూ లేరు కదా. తెలిసినవాళ్ళం ముగ్గురమే. సావుకారు గారికి వయసైపోయింది. ఆఫీసరు గారికి బదిలీ అయిపోయింది. ఇంక నేనొక్కదాన్నే గుర్తు పెట్టుకుంటే చాలదనిపించి ఇది రాస్తున్నాను. మీ ఊళ్ళో ఏదైనా గదిలో, ఎవరూ మిమ్మల్ని ఏమీ అడగని కాసేపు దొరికితే, ఇక్కడి కొండ ఊరినుంచి వచ్చిన ఆ పిల్లని ఒక్కసారి తల్చుకోండి. తన వల్ల మిగిలిన చోటులో తను కూర్చోలేకపోయింది. ఎక్కడున్నా ఒక కిటికీ పక్కన దానికి చోటు దొరకాలని, మీ దేవుడు ఎవరైతే ఆయన్ని నా తరఫున అడగండి.